పడవ మోటారు కాలిలోని నూనె

కొల్లేటి లంకలలో పడవ యనగా ఒకప్పుడు తాటిదోనె. రెండు దోనెలను జతపరచి కట్టినచో సంగడి. గడ తప్ప దానికి వేరొక యంత్రము లేదు. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరు గోదావరి కాలువలో పెద్ద సరకు పడవలు నడచిన రోజులలో సయితము గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండిరి. గడ విరిగినను, త్రాడు తెగినను లోపము కంటికి కనబడును. బాగుచేయుట అందరికిని తెలియును. నేడు పడవ వెనుక మోటారు వ్రేలాడుచున్నది. దాని లోపము నీటి అడుగున, ఇనుప తొడుగులోపల దాగియుండును. ఆ తొడుగులోనుండు కొద్దిపాటి నూనెను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ మోటార్లు రెండు విధములు. ఒకదానిలో ఇంజను, పంకా అన్నియు పడవ వెలుపలనే ఉండును. మన ప్రాంతమున తరచుగా కనబడునది ఇదియే. రెండవదానిలో ఇంజను పడవలోపల కూర్చుండి, కాలు మాత్రము వెనుక చెక్కను దాటి నీటిలోనికి దిగును. రెండింటిలోను కాలి అడుగున పళ్లచక్రములు కలవు. నిలువుగా దిగివచ్చిన ఇరుసు తిరుగుడును అవి అడ్డముగా మరల్చి పంకాను త్రిప్పును; ముందుకు వెనుకకు నడపు మార్పు కూడ అక్కడనే జరుగును. ఇంత బరువు మోయు చక్రములు పిడికెడు చోటులో, నలుదిక్కుల నీటి నడుమ, నూనెలో మునిగి పనిచేయవలెను. ఆ నూనె చిన్న మోటార్లకు పావు లీటరుకు కొంచెము హెచ్చుగానుండును. ఇంజను లోపలనుండు పెద్దవాటిలో కొన్నింటికి రెండు లీటర్లకు మించును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి మరచిపోరానిది. ఆ యేరు తుదకు చేరునది కొల్లేరే. తమ్మిలేరు, రామిలేరు కూడ ఇందులోనే కలియును. ఇంత నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరొక్కటియే దారి. కావున వచ్చినంత త్వరగా వరద తీయదు. బాటలు మునిగిన దినములలో లంకకు పడవయే దిక్కు.

అంతకు పూర్వమొక వరదలో నాకు జరిగినది చెప్పెదను. బియ్యపు బస్తాలతో ఒక లంకకు పోవుచుంటిమి. నడిమధ్య మోటారు మ్రోగుచునే యున్నది గాని పడవ కదలలేదు. లోపల పండ్లు కొరికినట్లు చప్పుడైనది. పిదప అదియు లేదు. గడలతో నెట్టుకొనుచు వెనుకకు వచ్చునప్పటికి ప్రొద్దుగ్రుంకినది. ఆ లంకవారికి బియ్యము మరునాటి మధ్యాహ్నమునకు గాని అందలేదు. కాలు విప్పించి చూడగా లోపలనుండి వచ్చినది నూనె కాదు, చిలికిన మజ్జిగ. తప్పు నాదే. మూడేండ్లుగా నేనా మర విప్పి చూచినవాడను కాను. క్రొత్త చక్రములకైన సొమ్ముతో ఎన్ని నూనె డబ్బాలు వచ్చెడివో లెక్కవేయుటకు మనసొప్పలేదు.

నీరెట్లు చొచ్చినది? పంకాను విప్పగా దాని వెనుక ఇరుసుకు నైలాను వలదారము జానెడు చుట్టుకొని, బిగిసి, రబ్బరు సీలును కోసివేసియున్నది. కొల్లేటిలో ఇది నిత్యము పొంచియుండు ప్రమాదము. గుర్రపుడెక్క పంకాకు చుట్టుకొన్నచో మోటారు మూలుగును, మనము ఆపుదుము. సన్నని దారము చుట్టుకొన్న సంగతి మాత్రము ఎవరికిని తెలియదు. కావున నూనె మార్చునప్పుడెల్ల పంకాను కూడ ఊడదీసి చూడవలెను.

సామాన్యముగా 100 గంటల పనికొకసారి గాని, ఏడాదికొకసారి గాని, ఏది ముందు వచ్చిన అప్పుడు నూనె మార్చవలెనందురు. క్రొత్త మోటారుకు మొదటి మార్పు ఇంకను ముందే, కొన్నింటికి 20 గంటలకే. నా మట్టుకు నేను మృగశిర కార్తెకు ముందు ఒకమారు, వరదలు తీసిన పిదప ఒకమారు మార్చుచున్నాను. రెండవది దుబారా యని మా ఇంట్లో అందురు. నీరు కలిసిన నూనెతో మోటారు నెలల తరబడి మూలపడియున్నచో బేరింగులు త్రుప్పుపట్టును. ఉప్పుటేటి వైపు వేసవిలో ఎగదన్ను ఉప్పునీరైనచో మరింత త్వరగా. ఈ సంగతి చెప్పి ఊరకుందును.

పని కష్టమైనది కాదు. మోటారును నిలువుగా నిలిపి ఒక రాత్రి కదలించక ఉంచుడు. నూనెకన్న నీరు బరువు గనుక విడిగానున్న నీరు అడుగునకు దిగును. కాలి ప్రక్కను క్రిందుగా ఒక మర, పైగా ఒక మర ఉండును. కొన్ని పాత మోటార్లకు క్రింది మర చెంతనే నాలుగు పలకల గాడిగల మరియొక మర ఉండును. అది గేరు మార్చు కడ్డీని పట్టియుంచునది. దాని జోలికి పోరాదు. పోయినచో కాలంతయు విప్పవలసివచ్చును. క్రింద తెల్లని గిన్నె పెట్టి, క్రింది మరను మెల్లగా సడలించి, మొదటి బొట్టును చూడుడు. అది నీరైనచో సీలును గూర్చి ఆలోచింపవలసినదే. పిదప పై మరను కూడ తీసిన గాలి పోయి నూనె ధారగా దిగును.

గిన్నెలోనిదానిని వెంటనే పారబోయరాదు. నేనీ పని ఇతరులకప్పగింపక పోవుటకు కారణమిదియే, ఖర్చు కాదు. అంగడిలో మార్చినచో పాతనూనె మన కంటబడకయే పోవును. తేనెరంగుగాని, వాడుకచే కొంత నల్లబడిన రంగుగాని భయపడదగినది కాదు. పాలు కలిపిన కాఫీవలె ఉన్నచో నీరు కలిసినది. మాడిన వాసన వేసినచో వేడిమి హెచ్చినది. మరకొనను అయస్కాంతమున్నచో దానికంటిన మెత్తని బూడిద వంటి పొడి సహజము. వ్రేళ్లకు గ్రుచ్చుకొను రజను కనబడినచో చక్రములు అరుగుచున్నవి.

క్రొత్త నూనెను క్రిందినుండి పైకి ఎక్కింపవలెను. పైనుండి పోసినచో గాలి నడుమ చిక్కుకొని, నిండినట్లు కనబడియు నిండదు. క్రింది రంధ్రమున చేతిపంపు మూతి బిగించి, పై రంధ్రమునుండి బుడగలు లేని నూనె కారువరకు కొట్టుడు. అప్పుడు ముందుగా పై మర బిగించి, ఆ పిదప పంపు తీసి, చటుక్కున క్రింది మర పెట్టుడు. బొప్పాయి కాడను నీటముంచి, పైకొన వ్రేలితో మూసి ఎత్తినచో నీరు జారదని పిల్లలకు తెలియును. ఇక్కడను అంతే.

రెండు మరలకును క్రొత్త వాషర్లు వేయవలెను. ట్రాక్టరు వాషరు దాదాపు సరిపోవునని అంగడివారందురు. ఆ దాదాపులోనుండియే నీరు లోనికి పోవును. నూనె సయితము మోటారు పుస్తకములో వ్రాసిన తరగతిదే కావలెను. ఇంజను నూనె మిగిలియున్నదని ఇందులో పోయుట చక్రములకు ద్రోహము.

పాతనూనెను కొల్లేటిలో గాని చెరువుగట్టున గాని పోయకుడు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కిన సరస్సిది. ఆటపాకలోని గూడకొంగ రెక్కకు నూనె అంటినచో తడి లోనికి దిగి పక్షి నశించును. డబ్బాలో పోసి మూతబిగించి, పాతనూనె కొను గారేజీవారికి ఇయ్యవచ్చును.

ఇక మిగిలినది ఒక పరీక్ష. మోటారు కాలి క్రింద ఒక పాత వార్తాపత్రికను పరచి రాత్రి వదలిపెట్టుడు. తెల్లవారునప్పటికి కాగితము పొడిగా ఉన్నచో పడవను నీట దింపవచ్చును.