రిమ్మోను గుడిలో నయమాను: జపాను మతములు, మన మేడారము

(శతాబ్ది ఉత్సవ సభలలో వరంగల్లులో చేసిన ప్రసంగ పాఠము)



షింటో, బౌద్ధ మతములను ఇతర ప్రపంచ మతములతో పోల్చి మాట్లాడవలసిందిగా కమిటీవారు కోరినప్పుడు మేము కొంత తటపటాయించాము. జపాను ఎక్కడ, వరంగల్లు ఎక్కడ? మనలో షింటో మతస్థుని కళ్లారా చూసినవారు ఎందరు? అయితే ఆలోచించిన కొద్దీ ఆ మతములు మనకు అంత దూరపువి కావని తోచింది. ఒకటి మన కృష్ణ ఒడ్డున పెరిగి వెళ్లినదే. రెండవదాని పోలిక మన మేడారములో ఉంది. పైగా డోర్నకల్ తొలి బిషప్పు అజరయ్యగారు బిషప్పు కాకముందే, 1907లో, ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభకు టోక్యో వెళ్లి వచ్చినవారు. కనుక ఈ దారిన మనవారు ముందే నడిచారు.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా చిన్నతనములో ఒక మాఘమాసాన మా పిన్ని మేడారము జాతర నుండి నేరుగా మా ఇంటికి వచ్చి, కొంగున కట్టిన బెల్లపు ముక్క విప్పి మా చేతుల్లో పెట్టింది. మేడారములో దానిని బెల్లము అనరు, బంగారము అంటారు. మా అమ్మ ఆ ముక్క మా చేతుల్లోంచి తీసుకున్నది. మమ్ములను తిననివ్వలేదు, పారవేయనూ లేదు. గూట్లో పెట్టి, మరునాడు బర్రె కుడితిలో కలిపింది. పిన్ని ఇంకా ఇంట్లోనే ఉంది, చూసింది. ఏమీ అనలేదు. ఆ తరువాత చాలా ఏండ్లు మా గడప తొక్కలేదు. మతములను పోల్చడము అంటే మాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ కుడితి గోలెమే.

ఇక షింటో సంగతి. దానికి స్థాపకుడు లేడు. మన బైబిలు వంటి, ముస్లిము సోదరుల ఖురాను వంటి గ్రంథము లేదు. విశ్వాస ప్రమాణము లేదు, పది ఆజ్ఞలు లేవు. 'కామి' అని వారు పిలిచేది మన భావములోని దేవుడు కాదు. కొండ, జలపాతము, వెయ్యేండ్ల వృక్షము, గొప్ప పూర్వీకుడు, దేనిని చూస్తే మనిషికి గగుర్పాటు కలుగుతుందో అదంతా కామియే. గుడి ముందు 'తోరీ' అనే కమాను ఉంటుంది, చూడడానికి మన కోటలోని తోరణమునకు తమ్ముడిలా ఉంటుంది. (ఆ మాట మన తోరణము నుండే పుట్టిందని కొందరు అంటారు. ఆ తగవులోకి మేము పోము.) లోపలికి పోయేవారు చేతులు, నోరు కడుక్కుంటారు. గర్భగుడిలో తరచుగా విగ్రహము ఉండదు, ఒక అద్దమో, ఖడ్గమో ఉంటుంది. ఈసే అనే చోట ఉన్న మహాక్షేత్రమును ఇరవై ఏండ్లకు ఒకసారి పక్క స్థలములో కొత్త కలపతో మళ్లీ కట్టుతారు. 2013లో కట్టినది అరవై రెండవసారి. మనము రాతితో కట్టి శాశ్వతము అనుకుంటాము. వారు కట్టడము ఆపకుండా ఉండుటనే శాశ్వతము అనుకుంటారు.

ఇప్పుడు మేడారము తలచుకోండి. గద్దెల మీద విగ్రహము లేదు. చిలకలగుట్ట నుండి కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపములో తెస్తారు, సారలమ్మ కన్నెపల్లి నుండి వస్తుంది. భక్తులు జంపన్నవాగులో మునిగి గద్దెలకు వస్తారు. నాలుగవ నాడు దేవతలు మళ్లీ అడవికి వెళ్లిపోతారు. రెండేండ్ల వరకు ఆ గద్దెలు మామూలు గద్దెలే. ఇందులో గ్రంథము లేదు, సిద్ధాంతము లేదు. ఉన్నది చోటు, కాలము, బంధుత్వము. కాకతీయ సేనలతో కప్పము విషయమై పోరాడి గుట్ట మీద మాయమైన తల్లి అని వారి కథ. జపానులోనూ ఇటువంటిదే ఉంది. సుగవర నో మిచిజానే అను పండితుడు అన్యాయముగా బహిష్కరింపబడి 903లో చనిపోతే, తరువాత వారే ఆయనకు గుడి కట్టి కామిగా కొలిచారు. నేటికీ విద్యార్థులు పరీక్షలకు ముందు అక్కడికి పోతారు. అన్యాయమైపోయినవారిని మరచిపోకూడదు అన్న భావము ఆ రెండు చోట్లా ఉంది. సిలువను ధ్యానించే మనకు అది పరాయిది ఎట్లా అవుతుంది?

బౌద్ధము దీనికి వేరు. దానికి ఒక వ్యక్తి, ఒక బోధ, ఒక సంఘము ఉన్నాయి. కనుక అది మూటకట్టుకొని ప్రయాణము చేయగలదు. క్రైస్తవము, ఇస్లాము కూడా అటువంటివే. ఆరవ శతాబ్దపు మధ్యలో కొరియా రాజు ఒకరు బుద్ధ విగ్రహమును, గ్రంథములను జపానుకు పంపారు. మహాయాన ఆచార్యుడైన నాగార్జునుని అక్కడ ర్యూజు అంటారు, ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడని గౌరవిస్తారు. ఆయన పేరుతోనే మన నాగార్జునకొండ వెలసింది. సాగరు నీటిలో ఆ లోయ మునిగినా, మన ఖమ్మము వైపు నేలకొండపల్లి స్తూపము, సూర్యాపేట వైపు ఫణిగిరి గుట్ట ఇంకా ఉన్నాయి. మన పొలాలలో దిబ్బలుగా మిగిలిన మతము అక్కడ ఇంటింటా ఉంది.

అక్కడ ఒక శాఖను గురించి ప్రత్యేకముగా చెప్పాలి. పదమూడవ శతాబ్దపు షిన్‌రాన్ అను గురువు, మనిషి తన సత్క్రియలవల్ల రక్షణ పొందలేడని, అమిదా బుద్ధుని దయను నమ్మి ఆయన నామము పలుకుటయే శరణమని బోధించాడు. వింటే మన లూథరు గారు గుర్తుకు వస్తారు. కార్ల్ బార్త్ వంటి వేదాంతి కూడా దీనిని చూసి ఆగి ఆలోచించి, కృప అన్న సిద్ధాంతము ఒక్కటే మనకు గర్వకారణము కానేరదని, యేసు నామమే భేదమని తేల్చాడు. మేము ఇంకొక మాట చేరుస్తాము. మన విశ్వాస ప్రమాణములో పొంతి పిలాతు పేరు ఎందుకు ఉంది? ఫలానా అధికారి కాలములో, ఫలానా దేశములో ఇది జరిగింది అని చెప్పడానికే. షింటో చోటును పట్టుకున్నది, మనము ఒక కాలమును పట్టుకున్నాము.

అయితే జపానువారు ఈ మతములలో ఒకదానిని ఎంచుకోరు. బిడ్డ పుడితే షింటో గుడికి ఎత్తుకుపోతారు, చనిపోతే బౌద్ధ గురువును పిలుస్తారు. ఈ మధ్య పెండ్లి మాత్రము క్రైస్తవ పద్ధతిలో చేసుకోవడము వేడుక అయ్యింది, బాప్తిస్మము పొందినవారు నూటికి ఒకరు చొప్పున ఉన్నా సరే. ప్రభుత్వపు లెక్కలలో అన్ని మతముల సభ్యులను కూడితే దేశ జనాభాను మించిపోతుంది! మనము నవ్వుకోవచ్చు. కానీ కాజీపేట దర్గా ఉర్సుకు ఎవరెవరు పోతారో, పీరీల ముందు ఎవరెవరు ఆడుతారో చూసిన వరంగల్లువారు మరీ ఎక్కువ నవ్వకూడదు.

ఈ కలివిడితనము ఎప్పుడూ మృదువుగా ఉండలేదు. నాగసాకిలో 1597లో ఇరువది ఆరుగురు క్రైస్తవులను సిలువ వేశారు. 1614 నాటికి దేశమంతటా క్రైస్తవము నిషిద్ధము. ప్రతి కుటుంబము ఒక బౌద్ధ దేవాలయములో పేరు నమోదు చేసుకోవాలి. క్రీస్తు, మరియమ్మల ప్రతిమలను కాలితో తొక్కి తాము క్రైస్తవులము కామని నిరూపించుకోవాలి. కొందరు పైకి బౌద్ధులుగా, లోపల క్రైస్తవులుగా, గురువు లేకుండా, రెండు వందల ఏండ్లకు పైగా బ్రతికారు. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయమునకు కొందరు గ్రామస్థులు వచ్చి, తమ హృదయము మీ హృదయము ఒకటే అని ఫ్రెంచి గురువుతో చెప్పారు. ఆ తరువాత కూడా ఉరాకామి గ్రామస్థులను మూడు వేలమందికి పైగా చెదరగొట్టి పంపారు. 1873లో గాని నిషేధము తొలగలేదు.

ఇది వినగానే మనలో కొందరు తలలు వంచుకున్నారు. ఎందుకో మాకు తెలుసు. బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘ రిజిస్టరులో ఒక పేరు ఉన్న కుటుంబములు ఈ హాలులోనే ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవ దళితులకు రాలేదు, మన రాష్ట్రములో బి.సి.‘సి’ తో సరిపెట్టారు. ప్రపంచ మతములను పోల్చే పుస్తకములలో ఈ కాలము ఉండదు, ఎమ్మార్వో ఆఫీసు ఫారములో ఉంటుంది. పిల్లవాని సీటు కోసము ఆ కాలము నింపిన తండ్రిని సంఘములో వేలెత్తి చూపినవారు, ఉరాకామి వారిని మాత్రము పొగడడము న్యాయము కాదు.

మరొక సంఘటన. 1891 జనవరి 9న టోక్యోలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చక్రవర్తి సంతకము గల విద్యా శాసనము ముందు అధ్యాపకులు ఒక్కొక్కరు వంగి నమస్కరిస్తున్నారు. ఉచిమురా కాంజో అను క్రైస్తవ ఉపాధ్యాయుడు తడబడి, కొద్దిగా మాత్రమే తల వంచాడు. దేశద్రోహి అన్నారు. ఉద్యోగము పోయింది, జబ్బు పడ్డాడు, ఆ ఏడే భార్య చనిపోయింది. అయినా ఆయన జపానును ద్వేషించలేదు. యేసును, జపానును, రెండింటినీ ప్రేమిస్తున్నానని జీవితాంతము చెప్పుకున్నాడు. తరువాత 1930లలో షింటో గుడి ముందు వంగడము మతము కాదు, పౌర మర్యాద అని ప్రభుత్వము అంటే, సంఘములు చాలావరకు ఒప్పుకున్నాయి. కొరియాలో ఒప్పుకోని చూ కీచోల్ అను పాస్టరుగారు 1944లో చెరసాలలో మరణించారు.

ఎంత వంగితే మర్యాద, ఎంత వంగితే ఆరాధన? ఇందుకు మేము రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము తెరుస్తాము. కుష్ఠము పోయిన నయమాను మొదట రెండు కంచరగాడిదల మోత మన్ను అడిగాడు, ఇశ్రాయేలు దేవుని ఇశ్రాయేలు మన్ను మీదనే కొలవాలని. చూడండి, కొత్త విశ్వాసి అయినా ఆయన బుద్ధి ఇంకా చోటునే పట్టుకొని ఉంది! ఎలీషా వద్దనలేదు. పిమ్మట నయమాను, తన రాజు చేతికి ఆసరాగా రిమ్మోను గుడిలో వంగవలసి వచ్చినప్పుడు క్షమాపణ కావాలన్నాడు. ఎలీషా సమాధానముగా వెళ్లుమన్నాడే గాని ప్రసంగము చేయలేదు. పౌలు కొరింథువారికి వ్రాసినప్పుడు మాత్రము గట్టిగా ఉన్నాడు. విగ్రహముల బల్ల యొద్ద కూర్చోవద్దన్నాడు. ఇంటిలో పెట్టినది మనస్సాక్షి నిమిత్తము విచారణ చేయక తినమన్నాడు, ఇది అర్పితమని ఎవరైనా చెప్తే, చెప్పినవాని నిమిత్తము తినవద్దన్నాడు. ఉచిమురా ముందు ఉన్నది రాజ్యము. చూ పాస్టరుగారి ముందు ఉన్నదీ రాజ్యమే. మా అమ్మ ముందు ఉన్నది చెల్లెలు. ఈ తేడా మేము చాలా ఆలస్యముగా గ్రహించాము. అమ్మ ఆ బెల్లము తినకపోవడము తప్పని మేము ఇప్పటికీ అనము. చెల్లెలి కళ్ల ముందు కుడితిలో వేయడమే తప్పు.

అజరయ్యగారు డోర్నకల్‌లో కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడింది. మసీదు వంటి గుమ్మటము, గుడి మంటపము వంటి స్తంభములు, లోపల సిలువ. చూసినవారు ఇది ఏ మతపు కట్టడమని అడుగుతారు. ఇంత ధైర్యముగా రాళ్లతో కలిపినవారము, మనుషులతో కలపడములో వెనుకబడ్డాము.

పిన్ని చనిపోయినప్పుడు మేము వెళ్లాము గాని, పదకొండవ దినము నాడు వాకిట్లోనే నిలబడి తిరిగి వచ్చాము. మన ఇండ్లలో ఆదరణ కూడికకు వారు వచ్చి చివరి కీర్తన వరకు కూర్చుంటారు. ఆ లెక్క మా మనసులో మిగిలి ఉంది.

పిన్ని కొడుకు ప్రతి జాతరకు పోతాడు. ఈసారి మేడారము నుండి వచ్చేటప్పుడు మా ఇంట దిగి భోజనము చేసి పొమ్మని చెప్పాము. బంగారము తెస్తాడు, సందేహము లేదు. అది మేము తినమని, ఎందుకు తినమో ముందుగానే ఫోనులో చెప్పాము. 'నాకు తెల్వదా అన్నా, మీ పాలు ఇంకెవరికన్నా ఇస్త, నాకు బువ్వ పెట్టుర్రి' అన్నాడు.