తగ్గని కామెర్లు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామెర్లు అనగానే మన ఇళ్ళల్లో ముందు పసరు మందు గుర్తుకొస్తుంది. పసరు పోయించుకున్న కొన్ని వారాలకు కళ్ళ పచ్చదనం పోతుంది, మందు పనిచేసిందంటాం. నిజానికి చెడ్డ నీళ్ళవల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. (గర్భిణులకు మాత్రం ఇ రకం ప్రాణాపాయం. వారిని ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచుకోరాదు.)

మేము చెప్పదలచింది తగ్గని కామెర్ల గురించి. వైరస్‌తో పోరాడవలసిన రక్షణ కణాలు కొందరిలో, ముఖ్యంగా స్త్రీలలో, సొంత కాలేయం మీదే తిరగబడతాయి. కంచే చేను మేసినట్లన్నమాట! దీని పేరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్. హెపటైటిస్ ఎ సోకిన తరువాత ఇది మొదలైనవారిని గురించి 1991లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. వైరస్‌లోని కొంత భాగం మన కణాలను పోలి ఉండి రక్షణ కణాలు పొరబడతాయని ఒక ఊహ. ఇంకా రుజువు కాలేదు. వైరస్ సోకినవారిలో ఏ కొద్దిమందికో తప్ప ఇలా జరగదు. పుట్టుకతో వచ్చే శరీర తత్వమూ తోడవాలి.

పెద్దపేగుకూ ఇలాంటి జబ్బుంది, అల్సరేటివ్ కొలైటిస్. పేగులకు ఏదో అంటు సోకి విరేచనాలు పట్టుకున్న తరువాత ఇది బయటపడినవారున్నారు. నెత్తురు, జిగట పడుతుంటే మూలశంక అని సరిపెట్టుకుని, సిగ్గుపడి నెలల తరబడి దాచుకునేవారే ఎక్కువ. ఈ పేగు జబ్బు ఉన్న కొందరికి పైత్యనాళాలు కూడా వాస్తాయి. కాబట్టి డాక్టరుగారికి రెండు బాధలూ చెప్పాలి.

కామెర్లు ఏ రకమో రక్తపరీక్షలో చాలావరకు తెలుస్తుంది. అవసరమైతే సూదితో కాలేయపు ముక్క తీసి చూస్తారు. ఆటోఇమ్యూన్ రకానికి ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్ మాత్రలు ఇస్తారు, చాలామందికి గుణం కనిపిస్తుంది. పసర్లతో, తాయెత్తులతో కాలం గడిపితే కాలేయం గట్టిపడిపోతుంది. హకీం సాహెబు దగ్గరికి వెళ్ళేవారు కూడా ముందు ఈ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలు ఆయనకు చూపించండి.

రంజాన్ విషయం ఒకటి. రోజా కోసమని ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఉన్నట్టుండి మానేయకూడదు. అలా మానితే స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. సహరీ వేళ వేసుకోవచ్చునేమో షాబాన్ నెలలోనే డాక్టరుగారిని అడగండి. వద్దంటే, రోగులు ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటు మన దీన్‌లో ఉండనే ఉంది.