వంకర జాబుకు పట్టు



నాంపల్లి నుంచి అబిడ్స్ దాటితే గన్‌ఫౌండ్రీ. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర ఫిరంగులు పోయించిన చోటు. అక్కడి హస్తకళల దుకాణాల్లో బిద్రీ కూజాలు కనిపిస్తాయి. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపిన పోత. ఎక్కడ తడిమినా వంపే. చెక్కే పనివాడు దాన్ని మైనం పూసిన రాయి మీద ముందు అతికిస్తాడు. రెండు చేతులూ ఖాళీ అయ్యాకే ఉలి అందుకుంటాడు. గీత కనబడటానికి పైన మైలుతుత్తం పూస్తాడు. లేతు, మిల్లింగు పనివాళ్లమైన మనం ఐటీఐలో ఇనుము మీద మార్కింగుకు పూసిందీ అదే తుత్తం. ఆయన పనిలో పట్టు కుదర్చడం ఒక మెట్టు. మన షాపుల్లో అది లెక్కలోకి రాని సమయం. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

చిన్న మిల్లింగు మెషీను మీదికి వచ్చే జాబులు ఎలాంటివి? విరిగిన పంపు బాడీ, కుట్టుమిషను బ్రాకెట్టు, ఒక చెవి పొడవు ఒక చెవి పొట్టి ఉన్న పోత. వైసు సమాంతర ముఖాలున్న దిమ్మల కోసం పుట్టింది. ఇవి అందులో నిలవవు. అప్పుడు మనవాళ్లు చేసేది ఇంకాస్త బిగించడం. జాబు చదునుగా కోసుకుపోతుంది, క్లాంపు విప్పగానే వంకర తిరుగుతుంది. కోసేటప్పుడు అది వంగి ఉంది మరి.

అందుకే ముందు కూర్చోవడం చూడాలి. అడుగున మూడు బిందువులు, పక్కన రెండు, కొసన ఒకటి: ఈ ఆరూ కుదిరితే జాబుకు ఒకే ఒక్క స్థానం మిగులుతుంది. మూడుకాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, పోతకూ అంతే. నాలుగో ఆధారం కావాలంటే చిన్న స్క్రూజాకీని తర్వాత పైకి తెచ్చి, తగిలీ తగలనట్టు ఆపాలి. డయల్ పెట్టి చూడండి, ముల్లు కదిలితే జాకీ జాబును ఎత్తేసిందన్నమాట.

క్లాంపు ఎప్పుడూ ఆధారం నెత్తినే పడాలి. కింద ఖాళీ ఉన్నచోట నొక్కితే పోత వంగుతుంది, సన్నగా ఉంటే పగులుతుంది. ఇక బోల్టు ఎక్కడుండాలి? జాబుకు, వెనక ప్యాకింగుకు మధ్య 80 మిల్లీమీటర్లు ఉందనుకోండి. బోల్టు జాబుకు 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే దాని బలంలో ముప్పావు జాబుకు చేరుతుంది. అదే బోల్టును ప్యాకింగు వైపు జరిపి అటు 20, ఇటు 60 చేస్తే పావే చేరుతుంది. స్పానరు మీద మీరు పడ్డ శ్రమ అంతా ప్యాకింగు పాలే. టేబులు చిన్నది, టీ-స్లాటు అనుకున్న చోట ఉండదు, నిజమే. అలాంటప్పుడు కింద ఒక మందపాటి పలక వేసి, మనకు కావలసిన చోట ట్యాపు కొట్టుకోవడం మేలు. వెనక ప్యాకింగు జాబు కన్నా వెంట్రుకవాసి ఎత్తుండాలి. జాబుకు, టేబులుకు మధ్య ఒక కాగితం ముక్క వేస్తే జారడం తగ్గుతుంది.

ఏటవాలు పోతను వైసులోనే పట్టాల్సి వస్తే, కదిలే జా వైపు ఒక గుండ్రటి కడ్డీ అడ్డం పెట్టండి. ఒత్తిడి ఒక్క గీత మీద పడి, జాబు కదలని జా‌కు పూర్తిగా ఆనుతుంది. కోత తోపు కూడా ఆ కదలని జా మీదికే పోవాలి. మామూలు ఎండ్‌మిల్ మెలిక జాబును పైకి లాగుతుందని మరవద్దు. స్క్రూలో ఆట ఉన్న పాత మెషీను మీద కట్టరు తిరిగే వైపే ఫీడు ఇస్తే అది టేబులునే లాక్కుపోతుంది, వేళ్లు అక్కడే ఉంటాయి. ఎదురు ఫీడే ఇవ్వండి.

ఎక్కడా పట్టు దొరకని సన్నని ముక్కలకు బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిసిన వుడ్స్ మెటల్ ఉంది. సుమారు 70 డిగ్రీలకే, వేడినీళ్లలో కరుగుతుంది. ముక్క చుట్టూ పోస్తే గట్టిపడి పట్టుకుంటుంది, పనయ్యాక మళ్లీ నీళ్లలో వేస్తే వదులుతుంది. సీసం, కాడ్మియం విషాలు కనుక గ్లవ్స్ తప్పనిసరి, గాలి ఆడాలి, నేరుగా మంట పెట్టకూడదు. పల్చని ఇత్తడి పలకకైతే సూపర్‌గ్లూతో కింద దిమ్మకు అతికించినా చాలు, తర్వాత వేడి చేస్తే ఊడుతుంది. ఆ పొగ మాత్రం పీల్చొద్దు.

బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. జిగ్గులు, ఫిక్చర్లు, అంటే జాబును పట్టి ఉంచే అమరికలు, చదువుగా చెప్పే చోటు. అయితే వెయ్యి ముక్కలు చేసే ఫ్యాక్టరీ ఫిక్చరు ఖర్చును వెయ్యి మీద పంచుకుంటుంది. మన దగ్గరికి వచ్చేది ఒక్క ముక్క. ఆ ఖర్చంతా దాని మీదే పడుతుంది, మనం సిగ్గుపడి అడగం. పది నిమిషాల కోతకు రెండు గంటల సెట్టింగు పట్టినా బిల్లులో పది నిమిషాలే రాస్తాం. దాంతో కుర్రాడికి సెట్టింగు అంటే వృథా అన్న భావన పడుతుంది, తొందరపడతాడు, జాబు ఎగురుతుంది.

రేపటి నుంచి బిల్లులో రెండు వరసలు రాయండి: సెట్టింగు ఒకటి, కోత ఒకటి. గిరాకీ ఎందుకని అడిగితే మెషీను దగ్గరికి పిలిచి, ఆ మూడు ఆధారాలు, క్లాంపులు చూపించండి. పనయ్యాక, ట్యాపు కొట్టుకున్న ఆ మందపాటి పలకను తుక్కులో వేయొద్దు. దాని మీద జాబు పేరు రాసి గోడకు తగిలించండి. అదే పంపు బాడీ మళ్లీ వస్తే సెట్టింగు కింద తక్కువే తీసుకోవచ్చు, ఆ మాట గిరాకీకి ముందే చెప్పండి.