స్త్రీల జబ్బులు - సర్వేల లెక్కలు

(పెడనలో చేనేత, కలంకారీ పనులు చేసే స్త్రీలు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి జరిగే పరిశోధనల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను డాక్టర్ని కాను, పరిశోధకురాలినీ కాను. పరిశోధకులకి కాయితాలు నింపిపెట్టిన మనిషిని. ఇరవై ఏళ్ళకి పైగా పెడన, గుడ్లవల్లేరు, గూడూరు, బందరు చుట్టుపక్కల ఊళ్ళలో సంచీ తగిలించుకుని గడప గడపకీ తిరిగాను. ఒకసారి బాలింతల సర్వే, ఒకసారి పిల్లల బరువుల సర్వే, తర్వాత్తర్వాత బీపీ, షుగర్ల సర్వే. ఆ తిరుగుడులో నాకు అర్థమైన నాలుగు మాటలు మీ ముందు పెడతాను. తప్పులుంటే మీరే దిద్దాలి.

మొదట ఒక ప్రశ్న సంగతి చెప్తాను. ప్రతి ఫారంలోనూ పేరు, వయసు అయ్యాక "ఏం పని చేస్తారు?" అని ఉంటుంది. ఈ పెడనలోనే ఒక ఇంట్లో, "పిన్నిగారూ, మీరేం పని చేస్తారు?" అని అడిగాను. "నేనేం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను. పనంతా ఆయనదే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కుడిచెయ్యి రాట్నం తిప్పుతోంది, ఎడంచేతిలో దారం ఉంది. పొద్దున్నించీ చుట్టిన కండెలు పక్కన బుట్టలో ఉన్నాయి. అవి లేకపోతే గుంటలో కూర్చున్న ఆయన మగ్గం ఒక్క జానెడు కూడా నడవదు. నేనేం రాశాను? "గృహిణి" అని రాశాను. ఫారంలో అంతకన్నా గడి లేదు.

ఆ ఒక్క మాటతో ఎంత పోయిందో చూడండి. ఆవిడ భుజం నొప్పి పని వల్ల వచ్చిన నొప్పి కాకుండా పోయింది. వయసుతో వచ్చింది అయిపోయింది. కలంకారీ పనిలోనూ ఇంతే. కరక్కాయ నీళ్ళలో బట్ట తడపడం, రాగి గంగాళంలో ఉడుకుతున్న రంగులో బట్ట తిప్పడం, కాలవలో మోకాళ్ళ లోతు నిలబడి ఉతకడం, ఎండలో ఆరేసి మళ్ళీ మళ్ళీ నీళ్ళు చల్లడం - వీటిలో స్త్రీల చేతులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చేతులు ఒరిసిపోవడం, పొగకి దగ్గు, నడుం నొప్పి, నీళ్ళలో నిలబడి నిలబడి వచ్చే పుళ్ళు - వీటికి ఏ ఫారంలోనూ గడి నేను చూడలేదు.

అలాగని పరిశోధనలన్నీ దండగ అనడం నా ఉద్దేశం కాదు. మనకి పనికొచ్చినవి ఉన్నాయి. వాటిని మనమే తెలుసుకుని, మనమే వాడుకోవాలి.

ఒకటి చెప్తాను. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ కార్యక్రమం మొదలైంది, 14 గ్రామాలకి ఇంకా రాలేదు. మొదలైన చోట గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళ లోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పుట్టిన పిల్లల బరువులో పెద్ద తేడా రాలేదు, సగటున 60 గ్రాములు. ఇక్కడితో ఆగిపోతే ఉప్మా దండగ అనుండేవాళ్ళు. కానీ 2003-05లో ఆ పిల్లలు 13 నించి 18 ఏళ్ళ వయసుకి వచ్చాక మళ్ళీ వెళ్ళి వెయ్యి మందికి పైగా పిల్లల్ని పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు ఎదిగారు. అంతకన్నా ముఖ్యం, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, రక్తనాళాలు బిరుసెక్కడం వాళ్ళలో తక్కువగా ఉన్నాయి. అంటే రేపు షుగరు, గుండెజబ్బు వచ్చే దారి కొంత మూసుకుంది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రుల్ని కూడా కలుపుకుని ఆ అధ్యయనం కొనసాగింది.

దీన్నిబట్టి మనకి తెలిసేదేమిటి? కడుపుతో ఉన్న ఆడమనిషి తిన్న తిండి బిడ్డ పుట్టిన రోజుతో లెక్క తేలిపోయేది కాదు. పదిహేనేళ్ళ తర్వాత కూడా దాని లెక్క నడుస్తూనే ఉంటుంది. అంగన్‌వాడీలో గుడ్డు తగ్గితే, పాలు రాకపోతే "ఈ నెలకేగా" అని ఊరుకునే వాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

రెండోది మన పక్క డెల్టాలోనే జరిగింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకీ కారణం ఏమిటని ఇంటివాళ్ళని అడిగి తేల్చారు. అడిగింది మనలాంటి ఆరోగ్య కార్యకర్తలే. మొత్తం 1354 చావులు. పల్లెటూళ్ళలో చావులంటే విరేచనాలు, జ్వరాలు, క్షయ అనుకునేవాళ్ళం. తేలిందేమిటంటే దాదాపు మూడో వంతు చావులు గుండెజబ్బు, పక్షవాతం లాంటివి. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. ఆడవాళ్ళలోనూ ఇదే వరస.

ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే స్త్రీల ఆరోగ్యం అనగానే మన ప్రభుత్వాలకి గుర్తొచ్చేవి రెండే - కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషను. కాన్పు చావులు తగ్గిన మాట నిజం. లక్ష కాన్పులకి తల్లుల చావులు మన రాష్ట్రంలో 2001-03లో 195 ఉండేవి, 2018-20 నాటికి 45కి వచ్చాయి. ఇందులో ఏఎన్ఎంల, ఆశాల కష్టం ఎంతో ఉంది. మరి కాన్పులో బతికిన తల్లి నలభై ఏళ్ళకి, యాభై ఏళ్ళకి దేనితో పోతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి బీపీ, అయిదుగురిలో ఒకరికి షుగరు ఎక్కువగా ఉన్నాయి. ఇంట్లో ఇద్దరికీ బీపీ ఉంటే ముందు ఎవరి మాత్రలు కొంటారు? మా ఇంట్లో మా నాన్న మాత్రలు నెల మొదట్లోనే వచ్చేవి. మా అమ్మ "నాకు తల తిరిగినప్పుడు వేసుకుంటాలే" అనేది. బీపీ మాత్ర తల తిరిగినప్పుడు వేసుకునేది కాదని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. నాకూ అప్పటికి తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పలేదు. ఒక సర్వేలో బీపీ చూసి రాయడం నా పని. కాలవ గట్టున ఒక ఇంట్లో నలభై రెండేళ్ళ ఆవిడకి చూస్తే 180 మీద 110 వచ్చింది. మళ్ళీ చూశాను, అంతే. ఫారంలో రాశాను. "ఎంతుందమ్మా?" అని అడిగింది. "కొంచెం ఎక్కువుంది, ఆస్పత్రిలో చూపించుకోండి" అని, పక్కింటికి వెళ్ళిపోయాను. రోజుకి ఇన్ని ఇళ్ళు అని లెక్క ఉండేది మాకు. చికిత్స సంగతి మీకు సంబంధం లేదు, రాసుకురండి చాలు అని శిక్షణలో చెప్పారు. ఏడు నెలలకి ఇంకో పని మీద ఆ వీధికే వెళ్తే ఆవిడ మంచంలో ఉంది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. వాళ్ళమ్మాయి బడి మానేసి కండెలు చుడుతోంది. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. ఏమీ అనలేదు. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. ఆ 180, 110 అంకెలు ఎక్కడో ఒక పట్టికలో చేరే ఉంటాయి. పట్టికకి పనికొచ్చిన అంకె ఆవిడకి పనికిరాలేదు.

ఇంకొకటి, అసలు అడగని ప్రశ్నల సంగతి. మా అక్కకి ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు తెల్లబట్ట, నడుం నొప్పి అని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే, గర్భసంచి పుండు పడింది, ఉంచితే కాన్సరు అవుతుంది అన్నారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు అన్నారు. మెడలో గొలుసు అమ్మి ఆపరేషను చేయించారు. అండాశయాలు కూడా తీసేశారని చాలా కాలానికి గానీ మాకు తెలియలేదు. ముప్పై రెండేళ్ళకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ళ నొప్పులు. బట్ట ఉతికే పనికి వెళ్ళలేకపోయింది. "ఆపరేషను చేయించుకున్నా బాగుపడలేదు" అని అత్తారింట్లో మాటలు. ఇన్ని సర్వేలు తిరిగాను గదా, నా ఫారాల్లో "ఆపరేషను అయిందా?" అంటే ట్యూబులు కట్టిన ఆపరేషనే. గర్భసంచి సంగతి అడిగే గడి లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఈ ప్రశ్న సూటిగా అడిగింది 2015-16లో. అడగ్గానే బయటపడింది. దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో 3 శాతం పైచిలుకు మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దగ్గర ఉంది, దేశంలోకెల్లా ఎక్కువ. అప్పటిదాకా స్త్రీ సంఘాల వాళ్ళు ఊళ్ళలో చూసి చెప్తే "ఏవో ఒకటి రెండు కేసులు" అని కొట్టిపారేసేవాళ్ళు. 2013లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లోకి తేవాలని కోర్టు చెప్పింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని అందులో ఉంది. మన కృష్ణా జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు అని మనలో ఎవరమైనా అడిగామా? ఈ సమావేశం నించి ఆ ఉత్తరం వెళ్ళాలని నా కోరిక.

ఇక మూడో సంగతి. మనల్ని అడక్కుండా మన ఒంటి మీద చేసినవి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను ఇస్తున్నారని తెలిసి స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళారు. పిల్లలు పుట్టకుండా మంచి ఇంజెక్షనని మాత్రమే వచ్చిన స్త్రీలకి తెలుసు. ఇది ఇంకా ప్రయోగంలో ఉందని, దుష్ఫలితాలు ఉండొచ్చని తెలియదు. 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నించి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు ఇంచుమించు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. పిల్లల చావులకి టీకా కారణం కాదనే విచారణ కమిటీ తేల్చింది, ఆ టీకా మంచిదే కావచ్చు. అయినా, మంచిదైనంత మాత్రాన చెప్పకుండా వేసే హక్కు ఎవరికీ రాదు.

అందుకని ఇంటికి ఎవరైనా కాయితాలు పట్టుకుని వచ్చినప్పుడు అయిదు ప్రశ్నలు అడగడం మనం అలవాటు చేసుకోవాలి. ఈ పని ఎవరిది, డబ్బు ఎవరిది? ఇది వైద్యమా, ప్రయోగమా? వద్దంటే నా పింఛనుకి, రేషనుకి, అంగన్‌వాడీకి ఏమైనా అడ్డం వస్తుందా? నా పేరు ఎవరెవరు చూస్తారు? జబ్బు బయటపడితే నన్ను ఎక్కడికి పంపిస్తారు, ఫలితాలు మళ్ళీ వచ్చి ఎప్పుడు చెప్తారు? వీటికి జవాబు చెప్పలేని వాళ్ళకి వేలిముద్ర వేయక్కర్లేదు. తిట్టక్కర్లేదు కూడా. వచ్చినావిడ నాలాంటిదే, జీతానికి తిరిగే మనిషి. "తెలుసుకుని రామ్మా" అని మంచినీళ్ళిచ్చి పంపండి.

ఇక్కడున్న ఏఎన్ఎంలకీ, ఆశాలకీ ఒక మాట. మన చేత రాయిస్తున్నారు, ఫోన్లలో ఎక్కిస్తున్నారు. ఎక్కించేముందు ఆ అంకె ఆ ఇంటావిడకి ఒక చీటీ మీద రాసిద్దాం. బీపీ ఎంత, ఎక్కువా తక్కువా, ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలి - మూడు ముక్కలు. మళ్ళీ వారం ఆ వీధిలోకి వెళ్ళినప్పుడు వెళ్ళిందా అని అడుగుదాం. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆఖరుగా ఒక ప్రతిపాదన. మన లెక్క మనమే రాసుకుందాం. పెడనలో రెండు వీధులతో మొదలుపెడదాం. ఇంట్లో ఆడవాళ్ళు ఏ పని ఎన్ని గంటలు చేస్తున్నారు, ఎక్కడ నొప్పి, బీపీ షుగరు చూపించుకున్నారా, మాత్రలు రోజూ దొరుకుతున్నాయా, గర్భసంచి తీయించుకుంటే ఏ వయసులో, ఎవరు ఏం చెప్పి తీశారు. ఇవే ప్రశ్నలు. మొదటి గడిలో "గృహిణి" అనే మాట ఉండదు. మూడు నెలల తర్వాత ఈ హాల్లోనే కూర్చుని, ఎవరి వీధి లెక్క వాళ్ళకే చదివి వినిపిద్దాం. తర్వాత ఆ కాయితాలు పట్టుకుని బందరు వెళ్దాం.

కాలవ గట్టు వీధి నేను తీసుకుంటాను. మంచంలో ఉన్న ఆవిడ ఇంటి నించే మొదలుపెడతాను. రెండో వీధి ఎవరు తీసుకుంటారో ఇప్పుడు చెప్పండి.