నవ్వి దిద్దుకొనే కాపురం

(రావికమతంలో కుటుంబ సదస్సున చేసిన ప్రసంగ పాఠము)



వివాహము, స్నేహము, గృహము అను మూడు విషయాలను గురించి మాట్లాడమని నన్ను ఆజ్ఞాపించారు. ఈ మూడింటిలోను నేను ఉత్తీర్ణుడనని నిర్వాహకులకు ఎవరు చెప్పారో తెలియదు. మా ఇంటావిడ మాత్రం చెప్పి ఉండదు. ఆమె మూడవ వరుసలోనే కూర్చుని ఉన్నది గనుక జాగ్రత్తగా మాట్లాడతాను.

కష్టంలోను సుఖంలోను కలిసి ఉంటామని పెళ్ళినాడు అందరి ఎదుట ఒప్పుకొంటాము. పెద్ద కష్టం వచ్చినప్పుడు చాలామంది ఆ మాట నిలబెట్టుకొంటారు కూడ. గొడుగు ఎక్కడ మరచి వచ్చారని ఆమె అడగడం, నీకెందుకని మనం కసరడం – వీటిని గురించి మాత్రం ఆనాడు ఎవరూ ప్రమాణం చేయించలేదు!

మానవ స్వభావం విచిత్రమైనది. బస్సులో ముక్కూమొగం తెలియనివాడు కాలు తొక్కితే "పరవాలేదు లెండి" అంటాము. ఇంట్లో కాఫీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు ఎగరగొడతాము. ఉన్న మర్యాదనంతా వీధిలో ఖర్చుచేసి, చిల్లర కూడ మిగల్చుకోకుండ ఇంటికి చేరుతాము. సోదరీమణులు నవ్వుతున్నారు. తామును తక్కువవారు కారు. పొరుగింటి పిల్లవాడు గ్లాసు పగులగొడితే "పోనీలే నాయనా". మనవాడు పగులగొడితే వీపు విమానం మోత!

ఈ సంగతి ఎరిగిన మహనీయుడు మన ప్రాంతంవాడే. 2022లో ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలోనే ఉన్న యస్. రాయవరంలో గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించారు. వారి 'దిద్దుబాటు' అనే చిన్న కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చినది. అందులో గోపాలరావు చదువుకొన్నవాడే. అయినా సానిపాటకు వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరుతాడు. భార్య కమలిని కనిపించదు. పుట్టింటికి పోతున్నానని ఒక ఉత్తరం ఉంటుంది. తప్పు తనదైనా నౌకరు రాముడి మీద చేయి చేసుకొంటాడు, తరువాత పశ్చాత్తాపపడతాడు. అప్పుడు మంచం క్రిందనుండి నవ్వూ, గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

ఉపాధ్యాయుడిగా ఈ కథ పిల్లలకు ఎన్నో ఏళ్ళు చెప్పాను. నాకు అర్థమైనది పదవీ విరమణ తరువాతనే. కమలిని ఉత్తరంలో వెళ్ళిపోయింది గాని, మనిషి ఇంట్లోనే ఉన్నది. దిద్దేవారు దగ్గర ఉండి దిద్దాలి. కొట్టే చేతిని కూడ నవ్వుతో సహించమని నేను చెప్పడం లేదు. అక్కడ పెద్దలు కలుగజేసుకోవలసిందే. 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది అందుకే.

ఇక నా సొంత దిద్దుబాటు. నాతో పనిచేసిన ఒక మిత్రునితో నాకు నలభై ఏళ్ళ స్నేహం. అతని కుమార్తె పెళ్ళిలో నన్ను మొదటి బంతికి పిలవలేదు. అంతే! పదకొండు నెలలు మాటలు లేవు. నర్సీపట్నం బస్సులో ఎదురుపడ్డప్పుడల్లా అతను ముందు సీట్లో, నేను వెనుక సీట్లో కూర్చుని ఆ చెరుకుతోటలనే చూస్తూ పోయేవాళ్ళం.

ఒక రాత్రి మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ, "మొదటి బంతయినా మూడో బంతయినా పప్పు ఒకటే కదేటండీ!" అని నవ్వింది. నాకు ముందు కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. తెల్లవారి అతని ఇంటికి వెళ్ళాను. అతను మంచంపట్టి ఉన్నాడు. ఆ కబురు కూడ నాకు తెలియదు! క్షమాపణ అతను అడగలేదు, నన్ను అడగనీయలేదు. లోపలికి కేకవేసి, "మేష్టారికి అన్నం పెట్టండి. ఇవాళ మొదటి బంతి ఈయనదే" అన్నాడు.

ఆ తరువాత మాకు మిగిలినవి నాలుగు నెలలు. ప్రతి సాయంకాలం వెళ్ళి కూర్చున్నాను. ఆ నాలుగు నెలలు మా ఇంటావిడ నవ్వు నాకు సంపాదించి పెట్టినవి. పోగొట్టుకొన్న పదకొండు నెలలను మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

బెల్లం వండేచోట మీరందరూ చూసే ఉంటారు. పెనంలో రసం కాగుతుంటే మురికి పైకి తేలుతుంది. మురికి తేలిందని రసం పారబోసే రైతు లేడు. మురికిని ఎప్పటికప్పుడు తీసి పక్కన పడవేస్తాడు. కాపురానికైనా స్నేహానికైనా ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు. అయితే పాకం మన కోసం ఆగదు; తీయవలసినది వేళకే తీయాలి.

మూడవ వరుసలోనుండి నాకు గడియారం చూపిస్తున్నారు. ఈ దిద్దుబాటును కూడ శిరసావహించి కూర్చుంటున్నాను. సెలవు.