పాటల పెట్టెకు గాలి కావాలి
(ప్రసంగ పాఠం)



నల్లరేగడి నేల మీద ఒక ఊరు అనుకోండి. చిలకలూరిపేట వైపు కావచ్చు. పర్చూరు వైపు కావచ్చు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ముందు గదిలో ఒక మూల పత్తి పోసి వుంది. ధర పెరిగితే అమ్ముదామని ఆపారు.

ఆ ఇంటికి పాటల సెట్టు వచ్చింది. ఒక ఆంప్లిఫయర్. రెండు స్పీకర్ పెట్టెలు. పత్తి పక్కనే ఒక బల్ల ఖాళీగా వుంది. ఇంటాయన సెట్టు దాని మీద పెట్టాడు. ఇంటావిడ దుమ్ము పడకుండా పూలు కుట్టిన గుడ్డ కప్పింది. చూడ్డానికి బాగుంది. కానీ ఆ చోటు మంచిదేనా?

ముందు ఆంప్లిఫయర్ పని ఏమిటో తెలుసుకోవాలి. టేపు రికార్డరు నుంచి గానీ, సెల్ ఫోను నుంచి గానీ పాట చాలా కొద్ది కరెంటుగా వస్తుంది. అది పెద్ద స్పీకర్లకు చాలదు. ఆంప్లిఫయర్ గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుని దానికి బలం ఇస్తుంది. స్పీకరు దాన్ని శబ్దంగా మారుస్తుంది.

తీసుకున్న కరెంటు అంతా పాట కాదు. చాలా భాగం వేడి అవుతుంది. అందుకే పెట్టె పైన, పక్కన చిల్లులు వుంటాయి. వెనక లోహపు రేకుల్లాంటివి వుంటాయి. ఆ వేడి బయటికి పోవడానికే అవి.

పొయ్యి మీది ఆవిరి ఎటు పోతుంది? పైకే గదా. వేడి గాలి కూడా అంతే. చిల్లుల మీద గుడ్డ కప్పితే వుడికే గిన్నె మీద మూత పెట్టినట్టే. లోపల భాగాలు మాడతాయి. సెట్టు పాడవుతుంది.

మరి ఎలా పెట్టాలి?

పక్కల బెత్తెడు జాగా వదలాలి. పైన జానెడు జాగా వదలాలి. తలుపులు మూసే అలమరలో పెట్టకూడదు. దాని మీద టేపు రికార్డరు పెట్టకూడదు. పూలకుండీ అసలే పెట్టకూడదు. నీళ్ళు లోపలికి కారితే ప్రమాదం. వాన జల్లు పడే కిటికీ దగ్గర కూడా వద్దు.

పత్తి నూగు, మిరప దుమ్ము ఆ చిల్లుల్లో చేరతాయి. మిరపకాయల తొడిమలు తీసే చోట సెట్టు వుంచకూడదు. వారానికి ఒకసారి ప్లగ్గు తీసి, పొడి గుడ్డతో పైపైన తుడవాలి. మూత విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల కొంత కరెంటు నిలిచి వుంటుంది. అది షాకు కొడుతుంది.

స్పీకర్లు రెంటినీ ఒకే చోట పేర్చకూడదు. ఎడంగా పెట్టాలి. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో వుంటే పాట బాగా వినపడుతుంది. ఎర్ర తీగ ఎర్ర రంధ్రంలో, నల్ల తీగ నల్ల రంధ్రంలో పెట్టాలి. ఒక పెట్టెకు తీగలు తారుమారైతే దరువు పలచబడుతుంది. తీగల కొసలు ఒకదానికొకటి తగిలితే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.

కొందరు ప్లగ్గు లేకుండా తీగలు గోడలో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చుతారు. అది చాలా తప్పు. వదులైన చోట నిప్పురవ్వ లేస్తుంది. ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ప్రాణం తీస్తుంది. మూడు కాళ్ళ ప్లగ్గు వాడాలి. లావు కాలు ఎర్తు కోసం. దాన్ని విరగ్గొట్టకూడదు.

వెనక ఫ్యూజు దగ్గర ఒక అంకె వుంటుంది. మీకు అంకెలు చదవడం వచ్చు. 2 అని వుంటే 2 ఫ్యూజే వేయించండి. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు తను కాలి సెట్టును కాపాడుతుంది. దాని బదులు లావు తీగ చుడితే ఆ కాపలా పోయినట్టే.

ఇక పత్తి సంగతి. పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పత్తి వున్న గదిలో సెట్టు వద్దు. ఇల్లు ఒకటే గది అయితే ఎదురు గోడకు పెట్టాలి. పడుకునే ముందు, వూరెళ్ళే ముందు, ఉరుములు మెరుపుల వేళ ప్లగ్గు తీయాలి. ఒకవేళ మంట లేస్తే ముందు మెయిన్ ఆపాలి. కరెంటు వుండగా నీళ్ళు పోయకూడదు. ఇసుక చల్లాలి. 101కి ఫోను చేయాలి.

ఆ ఇంటావిడకు ఈ సంగతులు తెలిశాయి. గుడ్డ తీసేసింది. మొగుడితో అంది:

"ఏమయ్యా, పత్తి పక్కన ఇది వద్దు. అవతల పెడదాం."

"ఏమయిద్ది? రోజూ పాడుతూనే వుంది గదా!"

"ఏమన్నా అయితే ఏడాది కష్టం బూడిదయిద్ది. ఇప్పుడే తీద్దాం, పట్టు."

ఇద్దరూ కలిసి బల్ల జరిపారు. ఆ రోజూ పాట వచ్చింది. పత్తీ భద్రంగా వుంది.

సెట్టు ఎవరు కొన్నా ఇల్లు సర్దేది మీరే. అందుకే ఈ మాట మీకు ముందు తెలియాలి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ సెట్టు ఎక్కడుందో చూడండి. పక్కింటి వాళ్ళకూ చదివి వినిపించండి.