కప్పు మీద పేరు వేసే పని: అప్పు తీసుకునే ముందు తెలుసుకోవాల్సినవి

(పొదుపు సంఘాల సభ్యుల స్వయం ఉపాధి అవగాహన సదస్సులో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంచుకోవచ్చు.)



ఈమధ్య మన సంఘాల నుంచి ఒక ప్రశ్న ఎక్కువగా వస్తోంది. "సార్, మగ్గుల మీద ఫొటోలు, కంపెనీ పేర్లు ప్రింట్ చేసే మెషిన్ కొందామనుకుంటున్నాం. లోన్ వస్తుందా?" లోన్ వస్తుంది. దాని గురించి చివర్లో చెబుతాను. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: తీసుకున్న లోన్ ఆ మగ్గుల మీద తీరుతుందా? సంఘంలో ఒకరు కిస్తీ కట్టకపోతే మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది. వచ్చే విడత లింకేజీ ఆగుతుంది. అందుకే ముందు పని గురించి, తర్వాత పథకం గురించి మాట్లాడుకుందాం.

ఎవరు కొంటారు? ఎందుకు కొంటారు?

ఎరువుల దుకాణం, పెయింట్ల షాపు, బంగారం కొట్టు, ప్రైవేటు స్కూలు, చీటీల కంపెనీ, ఆసుపత్రి. వీళ్లంతా ఉగాదికో, సంక్రాంతికో, షాపు వార్షికోత్సవానికో ఖాతాదారులకు ఏదో ఒకటి ఇస్తారు. క్యాలెండర్ ఏడాది తర్వాత గోడ దిగిపోతుంది. కరపత్రం ఆ పూటే చెత్తలోకి పోతుంది. నీళ్ల బాటిల్, టీ కప్పు మాత్రం రోజూ చేతిలో ఉంటాయి. షాపు పేరు రోజూ కళ్ల ముందు ఉంటుంది. వాళ్లు డబ్బు పెట్టేది అందుకే.

అంటే మనం అమ్మేది కప్పు ఒక్కటే కాదు, దాని మీద నిలిచి ఉండే పేరు కూడా. నాలుగు కడుగులకే పేరు చెరిగిపోతే ఆ షాపాయన మళ్లీ మన గడప తొక్కడు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

ముందు పాత్రను ఎంచుకోవాలి

ఆర్డర్ ఇచ్చేవాళ్లను మొదట అడగాల్సింది "ఎన్ని కావాలి" అని కాదు, "ఎవరికి ఇస్తారు" అని.

రైతులకు, ఆటో డ్రైవర్లకు ఇచ్చేదైతే పింగాణీ మగ్గు పనికిరాదు. పొలం గట్టు మీద, ఆటో సీటు కింద అది ఎన్నాళ్లుంటుంది? అక్కడ స్టీలు బాటిలే సరి. ఆఫీసులో బల్ల మీద పెట్టుకునేవాళ్లకు మగ్గు. చిన్నపిల్లలకు మూత గట్టిగా పట్టే బాటిల్. హోటళ్లకు, టీ కొట్లకు గాజు గ్లాసు. వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. వాటి మీద పేరు వేసే ఆర్డర్ ఎంత పెద్దదైనా ఒప్పుకోవద్దు. సరుకు పట్టుబడితే నష్టం మీదే.

స్టీలు బాటిళ్లు, వేడి ఆగే ఫ్లాస్కులు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. వీటికి 2023లో కేంద్రం నాణ్యత నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. చవకగా వస్తుందని గుర్తు లేని సరుకు దింపుకుని దాని మీద ఊళ్లో పెద్ద షాపు పేరు వేస్తే, రేపు తుప్పు పట్టినప్పుడు పోయేది ఇద్దరి పరువూ. రాగి బాటిల్ అడిగేవాళ్లూ ఉంటారు. ఇవ్వండి. అందులో నిమ్మరసం, మజ్జిగ లాంటి పులుపు పోయకూడదని చిన్న చీటీ జత చేయండి.

ఏ పాత్రకు ఏ ప్రింటు?

మోసపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మోసపోతారు. "ఈ ఒక్క మెషిన్‌తో అన్నింటి మీదా వేయొచ్చు" అని అమ్మేవాళ్లు చెబుతారు. అలా కుదరదు.

1. సబ్లిమేషన్: సంఘాల వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద బొమ్మను తిరగేసి ప్రింట్ తీస్తారు. దాన్ని మగ్గుకు చుట్టి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో మూడు నిమిషాలు అటూ ఇటూగా నొక్కి ఉంచుతారు. ఇంకు ఆవిరై మగ్గు పైపూతలోకి దిగుతుంది. అందుకే గోకినా పోదు. అయితే రెండు షరతులు. ఆ పూత వేసిన మగ్గులే కొనాలి, బజార్లో దొరికే మామూలు పింగాణీ కప్పు మీద రంగు పట్టదు. తెలుపు లేదా లేత రంగు మీదే బొమ్మ కనిపిస్తుంది, ఎందుకంటే ఈ ఇంకుల్లో తెల్ల ఇంకు ఉండదు. నల్ల మగ్గు మీద పసుపు అక్షరాలు కావాలంటే ఈ పద్ధతిలో రావు.

2. స్క్రీన్ ప్రింటింగ్: ఒకటి రెండు రంగులు, వందల సంఖ్యలో కావాలంటే ఇదే చవక. రంగుకో స్క్రీన్ కట్టాలి. ఉదాహరణకు స్క్రీన్ కట్టడానికి రూ.600, ఒక్కో గ్లాసుకు ఇంకు, కూలి రూ.5 అనుకుందాం. 50 గ్లాసులకైతే ఒక్కోదానికి రూ.17 పడుతుంది. అదే 500 గ్లాసులకైతే రూ.6.20. చిన్న ఆర్డర్‌కు రేటు ఎందుకు ఎక్కువో కొనేవాళ్లకు ఈ లెక్కే చెప్పండి. గాజు మీద, స్టీలు మీద వేసేటప్పుడు దానికి తగిన ఇంకు వాడి, సరిగా ఆరబెట్టాలి. లేకపోతే పీచుతో తోమగానే పోతుంది.

3. లేజర్ చెక్కడం: స్టీలు బాటిళ్లకు మేలైనది. రంగు పూత ఉన్న బాటిల్ మీద లేజర్ ఆ పూతను తీసేస్తుంది, కింద స్టీలు మెరుస్తూ అక్షరంలా కనిపిస్తుంది. అరగదు, ఊడదు. కానీ రంగులు రావు. ఈ యంత్రం ఖరీదైనది. మొదటే కొనొద్దు. ఆర్డర్ మీరు తెచ్చుకుని, పట్నంలో చెక్కే వాళ్లకు కూలి ఇచ్చి చేయించుకోండి. ఆర్డర్లు నిలకడగా వస్తున్నాయని తేలాక కొనడం గురించి ఆలోచించొచ్చు.

4. స్టిక్కర్: తొందరగా అవుతుంది, అంతే తొందరగా ఊడుతుంది. ఒక్కరోజు కార్యక్రమానికైతే సరే. రోజూ కడిగే పాత్రకు వద్దు.

ఏ పద్ధతిలోనైనా ఒక నియమం: పెదవి తగిలే అంచు మీద, కప్పు లోపలి వైపు ఏ ప్రింటూ వేయకండి. అంచు నుంచి కొంత జాగా వదలండి. తాగే పాత్రలోకి ఇంకు దిగకూడదు.

బొమ్మ, అక్షరం, తెలుగు ఒత్తులు

మామూలు మగ్గు మీద ప్రింటుకు దొరికే జాగా సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు. అందులో షాపు పేరు, యజమాని ఫొటో, నాలుగు ఫోన్ నంబర్లు, దేవుడి బొమ్మ, శుభాకాంక్షలు అన్నీ వేయమంటారు. ఫ్లెక్సీ మీద వేసినట్టు కప్పు మీద వేస్తే ఎవరూ చదవలేరు. పేరు, ఊరు, ఒక నంబరు చాలని నచ్చజెప్పండి. కప్పు పట్టుకున్నప్పుడు పేరు ఎదుటివాళ్లకు కనిపించాలంటే పిడికి రెండు వైపులా వేయాలి. కుడిచేత్తో పట్టుకున్నా ఎడమచేత్తో పట్టుకున్నా ఒక పేరు బయటి వైపు ఉంటుంది.

లోగోను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా తీసుకోవద్దు. నాణ్యత తగ్గిపోయి ప్రింటులో మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, వీలైతే డిజైనర్ చేసిన అసలు ఫైలు అడగండి.

ఇక తెలుగు అక్షరాలు. కరపత్రాలు, బ్యానర్లు రోజూ చూసే శాఖలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఒక కంప్యూటర్‌లో టైప్ చేసింది ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు ఎగిరిపోతాయి. అక్కడున్న ఫాంటు ఇక్కడ లేకపోవడమో, పాత సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలియకపోవడమో కారణం. డిజైన్ పూర్తయ్యాక అక్షరాలను 'కర్వ్స్'గా మార్చి ఇమ్మని డిజైనర్‌కు చెప్పండి. అప్పుడు అక్షరం బొమ్మగా మారిపోతుంది, ఎక్కడ తెరిచినా చెదరదు. 'లక్ష్మి' అన్న పేరులో ఒత్తు పోతే మగ్గు ఎంత బాగున్నా యజమాని తీసుకోడు.

అందుకే ఒక పద్ధతి పెట్టుకోండి. ముందు ఒక్క మగ్గు చేసి చూపించండి. పేరు, నంబరు కొనేవాళ్ల చేతే చదివించండి. "సరే, చేయండి" అని వాట్సాప్‌లో రాయించుకోండి. సగం డబ్బు అడ్వాన్సు తీసుకోండి. ఆ తర్వాతే మిగతావి. పేరు వేసిన కప్పు ఇంకొకరికి అమ్ముడుపోదు కదా!

ధర లెక్క ఇలా వేయండి

ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊళ్లో రేట్లు కనుక్కుని ఇదే వరుసలో రాసుకోండి. 100 మగ్గుల ఆర్డర్ అనుకుందాం.

• ఖాళీ మగ్గు రూ.80, ఇంకు, కాగితం రూ.6, కరెంటు రూ.2, అట్టపెట్టె రూ.12. ఒక్కోదానికి రూ.100, మొత్తం రూ.10,000
• పాడయ్యేవి 5 (పెట్టె కాకుండా రూ.88 చొప్పున): రూ.440
• రవాణా: రూ.500
• ఇద్దరికి రెండు రోజుల కూలి, రోజుకు రూ.400 చొప్పున: రూ.1,600
• మొత్తం రూ.12,540. అంటే ఒక్కో మగ్గుకు రూ.125.40

ఇక్కడితో ఆగిపోతే పొరపాటు. కిస్తీ ఏది? నెలకు కిస్తీ రూ.3,000, నెలకు 300 మగ్గులు చేస్తారు అనుకుంటే, ఒక్కో మగ్గు మీద ఇంకో రూ.10. అసలు ఖర్చు రూ.135.40. పక్క ఊరివాళ్లు రూ.130కి ఇస్తున్నారని మీరూ ఇస్తే, చేసిన ప్రతి మగ్గుకూ రూ.5.40 చేతి నుంచి పెట్టుకుంటున్నట్టే. రూ.160కి అమ్మితే రూ.24.60 మిగులుతుంది. నెలకు 300 కాక 100 మగ్గులే ఆర్డర్ వస్తే కిస్తీ భారం మగ్గుకు రూ.30 అవుతుంది. అప్పుడు మిగిలేది రూ.4.60.

చాలామంది ఇళ్లల్లో మన ఆడవాళ్ల కూలి లెక్కలోకి రాదు. "ఖాళీగానే ఉంటాం కదా" అంటారు. అలా అనకండమ్మా. మీ రెండు రోజులకూ విలువ ఉంది. లెక్కలో రాయండి.

పండగల ముందు ఆర్డర్లు ఎక్కువ, ఆషాఢంలో తక్కువ. కిస్తీకి ఆషాఢం లేదు. అందుకే పండగ నెలల్లో వచ్చిన దాంట్లో కొంత పక్కన పెట్టండి.

వేయకూడనివి

• కొనేవాళ్లది కాని కంపెనీ లోగో, సినిమా హీరో బొమ్మ అనుమతి లేకుండా వేసి అమ్మొద్దు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 ఉంది.
• మూడు సింహాల జాతీయ చిహ్నం ప్రైవేటు వ్యక్తుల కోసం వేయొద్దు. దాని దుర్వినియోగంపై 2005 నాటి చట్టం ఉంది.
• ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు పార్టీ గుర్తుతో కప్పులు, బాటిళ్లు అడిగితే ముందు ఎన్నికల అధికారి కార్యాలయంలో కనుక్కోండి. ఓటర్లకు వస్తువులు పంచడం నేరం.

ఇప్పుడు లోన్ సంగతి

*సంఘం ద్వారా:* బ్యాంకు లింకేజీలో సంఘానికి రూ.10 లక్షల వరకు హామీ ఆస్తి అడగకూడదని రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు ఉన్నాయి. చిన్న మొత్తానికి స్త్రీనిధి ఉంది. పల్లెల్లో వెలుగు, పట్టణాల్లో మెప్మా సిబ్బందిని కలవండి.

*విడిగా:* ముద్ర పథకంలో 'శిశు' విభాగం కింద రూ.50,000 వరకు హామీ లేకుండా ఇస్తారు. కాస్త పెద్ద యూనిట్‌కు పీఎంఈజీపీ ఉంది. పల్లెల్లో యూనిట్ పెట్టే మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత నిబంధనలు అడగండి.

*కుమ్మరి వృత్తి వారికి:* మట్టి కప్పులు, బాటిళ్లు చేసేవారు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ కిందికి వస్తారు. శిక్షణ, రూ.15,000 పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడత రూ.లక్ష వరకు రుణం ఉన్నాయి. ఇప్పుడు పట్నాల్లో టీ కొట్లకు మట్టి కప్పు మీద అచ్చుతో పేరు వేసి ఇవ్వొచ్చు. ఇంకు అవసరమే లేదు.

*శిక్షణ:* గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో ఉచితం. మీకు కావాల్సిన కోర్సు ఎప్పుడు ఉందో అడిగి పేరు రాయించుకోండి.

*దగ్గర ఉంచుకోండి:* ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు, సంఘం తీర్మానం, యంత్రం కొటేషన్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి, దరఖాస్తుకు, సబ్సిడీ ఇప్పించడానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ఫోన్‌లో ఓటీపీ అడిగితే చెప్పొద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక పని

యంత్రం కొటేషన్ తెచ్చుకునే ముందు, మీ మండల కేంద్రంలో పది షాపులు తిరగండి. "ఈ ఉగాదికి మీ ఖాతాదారులకు ఏమిచ్చారు? ఎన్ని? ఎంత పడింది?" అని అడిగి నోటుపుస్తకంలో రాయండి. పదిలో ముగ్గురైనా "మీరు చేస్తే తీసుకుంటాం" అంటే, ఆ పుస్తకం పట్టుకుని సంఘం సమావేశంలో కూర్చోండి. పైన చెప్పిన లెక్క వేయండి. మిగులు కనిపిస్తే బ్యాంకుకు వెళ్లండి. కనిపించకపోతే వెళ్లొద్దు, ఇంకో పని చూద్దాం. చేతిలో ఆర్డర్ ఉంటే మేనేజరు ముందు ధైర్యంగా మాట్లాడొచ్చు.

సందేహాలుంటే మీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ, మీ సంఘం వీవోఏను గానీ అడగండి.